బిందెడు నీళ్ళ వెనుక కరెంటు



పోయిన వేసవిలో మా ఫ్లాట్ల ఉమ్మడి మీటరు బిల్లు చూసి పెద్ద రభసే జరిగింది. మెట్ల మీద దీపాలు ఆర్పడం లేదని ఒకరు, పిల్లలు లిఫ్టును ఆటబొమ్మ చేశారని మరొకరు. తీరా ఆరా తీస్తే, ఎక్కువ ఖర్చు నీళ్ళ మోటారుది! పైన ట్యాంకు పొంగి గోడ వెంట కారుతుంటే ఎవరమూ పట్టించుకోలేదు. నేనూ అంతే లెండి.

నీళ్ళకూ కరెంటుకూ చాలా దగ్గర చుట్టరికం ఉంది. మా హైదరాబాదునే చూడండి. 1908లో మూసీ వరద ఊరిని ముంచాక, 1920లో ఉస్మాన్‌సాగర్ కట్టారు. ఆ నీళ్ళు పల్లానికి వాటంతటవే ఊళ్ళోకి నడిచివచ్చేవి. ఊరు పెరిగింది, అవి చాలలేదు. 2004 నుంచి కృష్ణ నీళ్ళు తెచ్చుకుంటున్నాం.

నాగార్జునసాగర్ పూర్తిగా నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 590 అడుగులు. హైదరాబాదు సుమారు 1,780 అడుగుల ఎత్తున ఉంది. అంటే మన కుళాయిలో పడే కృష్ణమ్మ దాదాపు 1,200 అడుగులు ఎక్కి వస్తోందన్నమాట! వెయ్యి లీటర్లను అంత ఎత్తుకు చేర్చాలంటే ఎంత లేదన్నా ఒక యూనిట్ కావాలి. పంపుల్లో, గొట్టాల్లో వృథా అయ్యేది దీనికి అదనం. విచిత్రమేమంటే, అదే సాగర్ దగ్గర నీళ్ళను కిందికి వదిలి కరెంటు తీస్తారు. వెయ్యి లీటర్లు 300 అడుగులు దిగితే వచ్చేది మహా అయితే పావు యూనిట్. ఈ లెక్కన మనకు వెయ్యి లీటర్లు పైకెక్కాలంటే అలాంటి చోట నాలుగువేల లీటర్లు కిందికి దూకాలి!

బోరు ఉన్నవాళ్ళం తప్పించుకున్నామనుకోకండి. 100 అడుగుల్లో ఉండే నీరు 600 అడుగులకు దిగిపోతే, అదే బిందెకు ఆరు రెట్లు కరెంటు పడుతుంది. పెరట్లో ఇంకుడుగుంతకు చోటిస్తే ఎంతోకొంత నీరు భూమిలోకి దిగుతుంది.

ఇక స్నానాలగది సంగతి. అసలు కథ అక్కడే ఉంది. 20 లీటర్ల బకెట్ నీళ్ళను మరో 20 డిగ్రీలు వేడెక్కించడానికి దాదాపు అర యూనిట్ కాలుతుంది. రెండు బకెట్ల వేడినీళ్ళూ, సాగర్ నుంచి ఎక్కివచ్చిన వెయ్యి లీటర్లూ ఇంచుమించు సమానమే! ఈ లెక్క చెప్పి, ఎండాకాలంలోనైనా గీజరు ఆపమంటే, మావారు "నీ రేడియో ప్రసంగాలు నా వీపు మీదికి తెచ్చావా?" అన్నారు. అయినా ఆపేశాను. ఇప్పుడు మా గీజరు చలికాలం వచ్చేవరకూ పలకదు. వేసినా, స్నానానికి పదినిమిషాల ముందే.

మా ఫ్లాట్లలో, ట్యాంకు నిండగానే మోటారు తానే ఆగిపోయే స్విచ్చి పెట్టించాం. దాని ఖర్చు తలా ఎంత వేసుకోవాలన్న దగ్గర మళ్ళీ కాసేపు మాటా మాటా వచ్చింది. గోడ మాత్రం ఇప్పుడు పొడిగానే ఉంది. పోట్లాట లిఫ్టు మీదికి మళ్ళింది.

సెలవు.