కొండవనము వాకిట రైలు స్టేషను



ఒక ఊరికి రైలు వచ్చినచో ఆ ఊరి బ్రతుకు మారునని మనకందరకును తెలిసినదే. ఒక అడవికి రైలు వచ్చినచో ఏమగును? ఎవరికి లాభము, ఎవరికి నష్టము? అమెరికాలోని మోంటానా రాష్ట్రమునందున్న గ్లేసియర్ జాతీయ వనము చరిత్ర ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగలదు. దానిని నేడు మీకు మనవి చేయుచున్నాము.

కెనడా సరిహద్దును ఆనుకొని, రాకీ పర్వతములలో ఆ వనము పది లక్షల ఎకరములకు మించి వ్యాపించియున్నది. దాని దక్షిణపు హద్దు వెంబడి రైలుమార్గము సాగుచున్నది. విశేషమేమనగా, వనముకంటె రైలే ముందు వచ్చినది. గ్రేట్ నార్తర్న్ రైల్వే అధిపతియైన జేమ్స్ హిల్ పసిఫిక్ సముద్రమువరకు పట్టాలు వేయ సంకల్పించెను. 1889 డిసెంబరులో జాన్ స్టీవెన్స్ అను ఇంజనీరు దారి వెదకుచు మరియాస్ కనుమను చేరెను. నిద్రించినచో చలికి ప్రాణము పోవునని ఆయన రాత్రియంతయు మంచులో అటునిటు నడచుచు గడపెనని చెప్పుదురు. ఆ కనుమ ఎత్తు 5,213 అడుగులు. శిఖరము క్రింద పెద్ద సొరంగము త్రవ్వనవసరము లేకయే 1891లో పట్టాలు దానిని దాటినవి.

1910 మే 11న జాతీయ వనము ఏర్పడినది. జేమ్స్ హిల్ కుమారుడు లూయీ హిల్ అందులకు మిక్కిలి పాటుపడెను. కొండలు చూడవచ్చువారు రైలు టిక్కెట్టు కొందురు గదా! 1913లో తూర్పు స్టేషను ఎదుట 40 అడుగుల మ్రాకులను స్తంభములుగా నిలిపి రైల్వేవారు గొప్ప హోటలు కట్టిరి. కొండల లోపల, గుఱ్ఱముపై ఒక్కొక్క దినపు ప్రయాణ దూరమున విడిది గృహములు నిర్మించిరి. యాత్రికులు వచ్చిరి, వనమునకు పేరు వచ్చినది.

అయితే ఆ కొండలు నిర్జనములు కావు. తూర్పు భాగము బ్లాక్‌ఫీట్ జాతివారిది. 1895 నాటి ఒడంబడిక ప్రకారము వారు దానిని 15 లక్షల డాలర్లకు ప్రభుత్వమునకు వదలుకొనిరి. ఆ నేలపై వేట, చేపలు పట్టుట, కలప కొట్టుకొనుట అను హక్కులను మాత్రము నిలుపుకొనిరి. వనము ఏర్పడగానే ఆ హక్కులు తీరిపోయినవని ప్రభుత్వము వాదించినది, వారు అంగీకరింపలేదు. ఆ వివాదము నడుచుచుండగనే రైల్వేవారు వారిచేత సంప్రదాయ వేషములు ధరింపజేసి, స్టేషనులో యాత్రికులకు స్వాగతము చెప్పించిరి. వారి బొమ్మలను ప్రకటనలలో ముద్రించిరి. తమ కొండవాకిట తామే అలంకారములగుట ఎంతటి బాధయో మనము ఊహించుకొనవచ్చును.

మృగములకును రైలు చిక్కులు తెచ్చినది. 1980 తరువాతి దశాబ్దమున కనుమ సమీపమున గూడ్సు బండ్లు పట్టాలు తప్పి మొక్కజొన్నలు ఒలికినవి. ఆ గింజలకు మరగిన ఎలుగుబంట్లు రైళ్ల క్రిందపడి చనిపోయినవి. దరిమిలా ఒలికిన ధాన్యమును త్వరగా ఎత్తివేయు ఏర్పాట్లు జరిగినవి; అయినను ప్రమాదములు పూర్తిగా ఆగలేదు.

చలికాలమున మంచు పెళ్లలు కొండలనుండి జారి పట్టాలపై పడును. అందుచేత దారిపై అక్కడక్కడ వాలు కప్పులు కట్టిరి. మంచు కప్పుమీదుగా లోయలోనికి జారిపోవును. 2004 జనవరిలో మంచు విరిగిపడి ఒక గూడ్సు బండి పట్టాలు తప్పినది. పేలుడు మందుతో మంచును ముందుగానే పడగొట్టుటకు రైల్వేవారు అనుమతి కోరిరి. వనపు అధికారులు కప్పులు కట్టుటకే మొగ్గుచూపిరి. కప్పులకు ఖర్చు హెచ్చు. పేలుళ్లవలన అడవికి బెదురు హెచ్చు. 

1933లో వనము మధ్యగా మోటారు రోడ్డు ప్రారంభమైన పిదప రైలు యాత్రికులు తగ్గిరి. అయినను ఎంపైర్ బిల్డర్ అను బండి నేటికిని చికాగోనుండి వచ్చి ఈస్ట్ గ్లేసియర్ పార్క్, ఎసెక్స్, వెస్ట్ గ్లేసియర్ స్టేషనులలో జనమును దించుచున్నది. కారు లేని సామాన్యుడు కూడ ఆ కొండలను చూడగలుగుట రైలు చేసిన మేలు.

కావున రైలును నిందింపనక్కరలేదు. కొండకు దారి వేయునప్పుడు అచటి మనుష్యుల హక్కు, మృగముల ప్రాణము, యాత్రికుని సౌకర్యము, ఈ మూడును ఒకే లెక్కలో చేరవలెను. పట్టాలు వేయుటకు ముందే ఆ లెక్క చూచుకొనుట వివేకము. వేసిన పిమ్మట దానిని సరిదిద్దుకొనుటకు నూరేండ్లయినను చాలవు.