జున్ను కొలత

నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెలలో ఎనుము ఈనినప్పుడు దూడ త్రాగగా మిగిలిన ముర్రుపాలలో బెల్లము, మిరియాలు, ఏలకులు వేసి ఆవిరిపై నుంచగా జున్నగును. తోడక్కఱలేదు, మాంసకృత్తు లధికము గనుక వేడికే గడ్డకట్టును. దొరల చీజును జున్నందురు గాని అది వేఱు. దానికి పాలను లేగదూడ కడుపులోని రసముతో విఱుచుట పాత వాడుక.

పాలను పులుపుతో విఱిచి, గుడ్డలో వడగట్టి, వరిపిండి కలిపి నేత వేయించు విధమును కల్యాణి చాళుక్యరాజు సోమేశ్వరుడు సుమారు 1129లో మానసోల్లాసమున వ్రాసెను. పొయ్యియొద్ద కూర్చున్నది మాత్రము రాజు కాదు!

తొలిపూట ముర్రుపాలలో మామూలు పాలెన్ని కలుపవలెనో, మూడవనాడేల కలుపరాదో మన అవ్వలకు తెలియును. అవ్వ చెప్పగా మనుమరాలు వ్రాసి తెచ్చినచో గ్రంథాలయపు బీరువాలో చోటున్నది.