మూత వేయని గొయ్యి



ప్రియ శ్రోతలారా, ఈ ఉదయం యోనాతాను కుమారుడైన మెఫీబోషెతును జ్ఞాపకం చేసుకుందాం. అతనికి అయిదేళ్లప్పుడు తాత, తండ్రి యుద్ధంలో చనిపోయారన్న వార్త వచ్చింది. దాది పిల్లవాణ్ణి ఎత్తుకొని పరుగెత్తింది. ఆ తొందరలో వాడు పడి, రెండు కాళ్లూ కుంటివయ్యాయి (2 సమూయేలు 4:4). ఆ దాదికి ప్రేమ తక్కువని మనం అనలేం.

పసిపిల్లల ప్రమాదాలు చాలామట్టుకు పెద్దలు పనుల్లో మునిగిన గడియల్లోనే జరుగుతాయి. తల్లి నాట్లనుండి వచ్చి పొయ్యి ముట్టిస్తుంది. ఆరేళ్ల అక్కకు రెండేళ్ల తమ్ముణ్ణి అప్పగిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2008లో ఇచ్చిన నివేదికలో, లోకమంతటా రోజుకు 2,000 మందికి పైగా పిల్లలు ప్రమాదాల వల్ల చనిపోతున్నట్టు ఉంది. రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం నీట మునగడానిదే.

నడక నేర్చే బిడ్డకు ఒంట్లో తలే బరువు. బకెట్టులోకి తొంగిచూస్తే తలకిందులవుతాడు, తిరిగి లేవలేడు. నోరు నీళ్లలో ఉన్నవాడి ఏడుపు మనకెలా వినబడుతుంది? పెద్దపిల్లల గండం వేరు. మా మేళ్లచెరువు వైపు సున్నపురాయి తవ్విన గుంటల్లో వాననీళ్లు నిలిస్తే, చెరువులోలా మెల్లగా లోతు రాదు, అంచు దాటితే నిలువు లోతే. సాగర్ ఎడమ కాలువకు సిమెంటు లైనింగు ఉన్నచోట నాచుమీద కాలు నిలవదు.

కొన్నేళ్ల క్రితం పెరటి సంపులో పడి చనిపోయిన ఒక పసివాడి సమాధి దగ్గర నేను ప్రార్థన చేసి, "ఇది దేవుని చిత్తం" అన్నాను. వాడి నాయనమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"అయ్యగారూ, సంపు మూత పగిలి రెండు నెలలాయె. రేపు రేపనుకుంటిమి. దేవుని మీద ఏస్తరేంది?"

సెమినరీలో చదివినదేదీ నాకు ఆ క్షణాన అక్కరకు రాలేదు.

ఆ రాత్రి నిర్గమకాండము 21:33, 34 తీసి చదివాను. గొయ్యి తవ్వి కప్పనివాడు, అందులో పడిన ఎద్దుకైనా గాడిదకైనా నష్టం చెల్లించాలి. మిద్దెకు పిట్టగోడ లేక ఎవరైనా పడితే ఆ దోషం ఇంటిమీదే అంటుంది ద్వితీయోపదేశకాండము 22:8. (మనమేమో గృహప్రతిష్ఠ చేసుకొని, పిట్టగోడ వచ్చే పంటకు చూద్దామంటాం.) వాడని బోరుబావులను పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. అయినా 2017 జూన్‌లో చేవెళ్ల దగ్గర ఇక్కారెడ్డిగూడెంలో 18 నెలల పాప బోరులో పడింది. రెండు రోజులకు పైగా ప్రయత్నించినా ప్రాణాలతో దక్కలేదు.

తెల్లవారి మా ఇల్లు చూసుకున్నాను. స్నానాల గదిలో నిండు బకెట్టు. కిటికీలో, పిల్లల చేతికందే ఎత్తున, కూల్‌డ్రింక్ సీసాలో కిరోసిన్. మీ ఇళ్లలో ఆ సీసాలో పురుగుమందు ఉందేమో, ఈ ప్రసంగం అయ్యాక కాదు, ఇప్పుడే లేచి చూడండి.

మందిరం వెనక పాత బోరు నోటిమీద ఒక గోనెసంచి, దానిమీద ఒక రాయి ఉన్నాయి. ఆదివారం బడి పిల్లలు ఆ పక్కనే ఆడుకొనేవారు. ఆ శనివారం యవనస్థుల కూటానికి అందరూ పారలు తెచ్చారు. చీకటి పడేదాకా మట్టి పోశాం.