పద్నాలుగుకూ పద్దెనిమిదికీ మధ్య

(యాగంటిలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యాగంటికి వచ్చినవాళ్లు ముందుగా బసవన్నను చూస్తారు. ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేసేంత చోటుండేదనీ, బసవన్న పెరిగి పెరిగి ఇప్పుడు మనిషి దూరే సందు కూడా లేదనీ మన పెద్దవాళ్లు చెప్తారు. రాయి పెరిగిందంటే చేతులెత్తి దండం పెడతాం. అదే ఇంట్లో ఆడపిల్ల పెరిగిందంటే మాత్రం మనకు దిగులు. "పిల్ల ఎదిగింది, ఇంకెన్నాళ్లు ఇంట్లో పెట్టుకుంటాం" అంటాం. ఈ మాట మన ఊళ్లలో అన్నింటికంటే ఎక్కువగా వినపడేది పదో తరగతి ఫలితాలొచ్చిన నెలలో.

బడి వయసులోనే ఆడపిల్ల యూనివర్సిటీ చదువులో అడుగుపెట్టడం గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. వినడానికి ఇది పట్నంలో పెద్దింటి పిల్లల సంగతిలా ఉంటుంది. కాదు. నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో కూలి చేసే తల్లికే ఈ విషయం ఎక్కువ అవసరం. ఎందుకో చెప్తాను.

2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకే వర్తిస్తుంది. 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం ఆడపిల్లకు 18 ఏళ్లు నిండేదాకా పెళ్లి చేయకూడదంటుంది. ఈ రెండింటి మధ్య నాలుగేళ్లున్నాయి. ఆ నాలుగేళ్లూ పెళ్లి చేయొద్దని చట్టం చెప్తుంది గానీ, చదివించి తీరాలని చెప్పదు. మరి ఆ పిల్ల ఏం చేయాలి? పత్తి చేలో కూలికి పోవాలి, తమ్ముళ్లను చూసుకోవాలి, సంబంధం కోసం ఎదురుచూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. చట్టం వచ్చి పదేళ్లు దాటాక తేలిన లెక్క ఇది.

నా సంగతి కూడా చెప్పాలి. 1980లలో నేను పది పాసయ్యాను. కాలేజీ దూరమన్నారు, పెళ్లి చేశారు. ఇద్దరు పిల్లలు పుట్టాక సార్వత్రిక విశ్వవిద్యాలయం గురించి తెలిసింది. 1982లో హైదరాబాదు కేంద్రంగా మొదలై, తర్వాత అంబేద్కర్ పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం అది. 18 ఏళ్లు నిండితే, ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి బీఏలో చేరే వీలు అప్పట్లో ఉండేది. పొయ్యి దగ్గర కూర్చుని పాఠాలు చదివాను. ఆదివారం తరగతులకు బస్సెక్కి వెళ్లేదాన్ని. ఆ గడప అట్లా తెరిచి ఉండకపోతే నేను ఈ రోజు మీ ముందు నిలబడేదాన్ని కాదు.

ఇప్పుడు మన దగ్గరున్న దారి సంగతి. 2008లో ప్రత్యేక చట్టం చేసి రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని పెట్టారు. జనం ట్రిపుల్ ఐటీ అంటారు. మన పక్క జిల్లాలోని ఇడుపులపాయ, నూజివీడు, బాసర మొదటి మూడు ప్రాంగణాలు. బాసర ఇప్పుడు తెలంగాణలో ఉంది. మనకు తర్వాత ఒంగోలు, శ్రీకాకుళం వచ్చాయి. పల్లెటూరి పిల్లల కోసం పెట్టిన చదువు ఇది. పదో తరగతి మార్కులే ఆధారం. ప్రభుత్వ, జిల్లా పరిషత్ బడుల్లో హాస్టల్ లేకుండా చదివిన పిల్లలకు 4 శాతం మార్కులు కలుపుతారు. చదువు మొత్తం ఆరేళ్లు. మొదటి రెండేళ్లు పీయూసీ, ఇంటర్‌తో సమానం. అది పాసైతే మిగతా నాలుగేళ్లూ అక్కడే బీటెక్.

పీయూసీ అనే మాట పెద్దవాళ్లకు కొత్త కాదు. ఇంటర్ రాకముందు, 1960లలో, హైస్కూలు అవగానే విద్యార్థి యూనివర్సిటీ కింద ఒక ఏడాది పీయూసీ చదివేది. తర్వాత ఇంటర్ వచ్చింది, 1971లో దానికి ప్రత్యేకంగా బోర్డు ఏర్పడింది.

కొన్నేళ్ల కింద బనగానపల్లె దగ్గర ఒక ఊర్లో జిల్లా పరిషత్ బడి అమ్మాయికి ఇడుపులపాయలో సీటొచ్చింది. వాళ్ల నాన్న ససేమిరా అన్నాడు. "ఆరేళ్లా మేడం! అంతవరకు ఎవరాగుతారు?" అన్నాడు. నేను సర్దిచెప్పబోతుంటే వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లింది. "అక్కా, నాకు ఆరేళ్లే కావాల. ఇంటర్‌కు పంపితే రెండేళ్లకు మళ్లీ ఈ మనిషి కాళ్లు పట్టుకోవాల. ఎంసెట్‌కు మళ్లీ అడగాల. కాలేజీకి మళ్లీ అడగాల. ఇదైతే ఒక్కసారి అడిగితే చాలు కదా" అంది.

నేను చదివిన ఏ నివేదికలోనూ ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. మగపిల్లవాడికి ఇంటర్, డిగ్రీ మెట్లు. ఆడపిల్లకు అవి గడపలు. ప్రతి గడప దగ్గరా అనుమతి అడగాలి. నాన్న ఒప్పుకుంటే పెదనాన్న అడ్డం. పెదనాన్న సరేనంటే ఊరివాళ్ల మాట. గడపలు ఎన్ని తగ్గితే పిల్ల అంత దూరం పోతుంది. పదిహేనేళ్లకు యూనివర్సిటీలో చేరిన పిల్లకు అక్కడ ఉండగానే 18 నిండుతాయి. ఆ అమ్మాయి చదువు పూర్తయింది. తన సంబంధం గురించి తనే మాట్లాడుకునే వయసులో ఇంటికి వచ్చింది.

అయితే ఇదే పరిష్కారమని నేను అనను. ఏటా మన రాష్ట్రంలో పదో తరగతి రాసేది ఆరు లక్షల పైచిలుకు పిల్లలు. నాలుగు ప్రాంగణాల సీట్లు నాలుగు వేల చిల్లర. పైగా చదువు ఇంజనీరింగే. లాయరు కావాలన్న పిల్లకూ, టీచరు కావాలన్న పిల్లకూ ఇటువంటి దారి లేదు. తెలుగు మీడియం నుంచి వెళ్లి, మొదటి ఏడాది ఇంగ్లీషు పాఠాలు అర్థంకాక ఏడ్చి తిరిగొచ్చిన పిల్లలు నాకు తెలుసు. ఊరినుంచి దూరం పంపినప్పుడు వాళ్లకు ఫోన్ చేసి మాట్లాడే మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషి మన సంఘం నుంచే ఎందుకు కాకూడదు?

బయటి దేశాల్లో దీన్ని ఇంకో రకంగా చేశారు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం 1985లో చట్టం చేసి, హైస్కూలు పిల్లలు ప్రభుత్వ ఖర్చుతో కాలేజీ పాఠాలు చదివే వీలు కల్పించింది. పాసైన పాఠం అటు బడి లెక్కలోనూ ఇటు కాలేజీ లెక్కలోనూ పడుతుంది. అంతకుముందే, 1966లో, ఎలిజబెత్ బ్లాడ్జెట్ హాల్ అనే విద్యావేత్త పదహారేళ్లకే డిగ్రీ చదువు మొదలుపెట్టే సైమన్స్ రాక్ కాలేజీని ప్రారంభించింది. మొదట చేర్చుకున్నది ఆడపిల్లలనే. పదహారేళ్ల పిల్లకు ఆ బరువు మోసే బుర్ర ఉందని ఒక స్త్రీ నమ్మింది.

ఆ లెక్కనే క్రెడిట్ అంటారు. మనకు పొదుపు సంఘాలున్నాయి కాబట్టి తేలికగా అర్థమవుతుంది. మీరు నెల నెలా కట్టిన డబ్బు మీ పాసుపుస్తకంలో ఉంటుంది. రెండు నెలలు కట్టలేదని పాత డబ్బు పోదు. చదువు మాత్రం మధ్యలో ఆపితే అంతా పోయినట్టే మనకు చెప్తూ వచ్చారు.

నాకు తెలిసిన ఒక అమ్మాయి డిగ్రీ మొదటి ఏడాది పాసై, తల్లి జబ్బుపడితే మానేసింది. మూడేళ్ల ఫీజూ కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామంది ఆ కాలేజీ. నాలుగేళ్లు తిరిగి తెచ్చుకుంది. ఇంకోచోట చేరబోతే మళ్లీ మొదటి ఏడాది నుంచే అన్నారు. అసలు సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. ఆ కాగితం మన చేతిలో ఉంటే ఆ పిల్లకు నాలుగేళ్లు మిగిలేవి. 2021లో క్రెడిట్ల బ్యాంకు నిబంధనలు కూడా వచ్చాయి. పాసైన పాఠాల క్రెడిట్లు విద్యార్థి పేరున ఖాతాలో ఏడేళ్ల వరకు చెల్లుతాయి. 2023 నాటి జాతీయ క్రెడిట్ చట్రం బడి చదువును కూడా ఈ లెక్కలోకి తెచ్చింది. కాగితం మీద ఉన్నది మన పిల్లల దాకా రావాలంటే అడిగేవాళ్లుండాలి.

అందుకే మీకు నాలుగు పనులు చెప్తాను. పది ఫలితాలు రాగానే ప్రతి ఊర్లో పాసైన ఆడపిల్లల పేర్లు రాసుకోండి. ట్రిపుల్ ఐటీ ప్రకటన వచ్చిన వారంలో అర్హత ఉన్న ప్రతి పిల్ల చేత దరఖాస్తు పెట్టించండి. సీటు రాని పిల్లను ఇంటర్ ఉన్న కస్తూరిబా విద్యాలయంలో చేర్పించండి. డిగ్రీ మానేసిన కోడళ్లను కలిసి, వాళ్ల క్రెడిట్ల ఖాతా సంగతి కనుక్కోండి. వీటితోపాటు ఒక డిమాండ్ కూడా ఉంది. చదువు హక్కు 14 దగ్గర ఆగకూడదు, 18 దాకా రావాలి. కస్తూరిబా విద్యాలయాల్లో ఇంటర్ చదివే పిల్లలకు దగ్గర్లోని యూనివర్సిటీ పాఠాలు క్రెడిట్‌తో సహా అందాలి.

ఇక్కడికి దగ్గర్లో ఉన్న బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ కథ తెలియనివాళ్లు లేరు. తన ఇంట్లో పశువులు కాసిన వీరబ్రహ్మంగారి గొప్పతనం తెలిశాక, ఆయన్నే గురువుగా చేసుకుని జ్ఞానం చెప్పమని అడిగిందంటారు. జ్ఞానం కావాలని నోరు తెరిచి అడిగిన ఆడది ఈ నేలకు కొత్త కాదు. పదిహేనేళ్ల పిల్ల అడుగుతున్నప్పుడు ఆమె పక్కన నిలబడే మనిషే తక్కువ. ఆ పక్కన నిలబడదాం.

సెలవు.