బీరువా దాటని పాఠం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

స్వర్ణోత్సవ నిధితో ఏం చేయాలో నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. స్వాగత తోరణం కట్టిద్దామని కొందరు, తరగతికో పెద్ద టీవీ కొనిద్దామని కొందరు అంటున్నారు. మన హైస్కూలుకు పిల్లల్ని పంపే ప్రాథమిక బడుల వైపు ఒకసారి చూడమని నా మనవి. ఆరో తరగతికి వచ్చినవాళ్లకు తీసివేతలు మొదటి నుంచి నేర్పాల్సి వస్తోందని ఇక్కడి మాస్టర్లే అంటున్నారు.

బడులకు సామగ్రి ఇవ్వడం కొత్తేం కాదు. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత ఆపరేషన్ బ్లాక్ బోర్డు వచ్చింది. కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, మ్యాపులు, చార్టులు, లెక్కల సామాన్లు అన్నారు. ఆపైన డీపీఈపీ, సర్వశిక్షా అభియాన్ రోజుల్లో బోధన సామగ్రికని టీచరుకు ఏటా 500 రూపాయలు ఇచ్చారు. చాలా చోట్ల ఆ వస్తువులు బీరువా దాటలేదు. టీచర్లను తప్పుపట్టను. వస్తువు స్టాకు రిజిస్టరులోకి ఎక్కుతుంది, విరిగితే జవాబు చెప్పుకోవాల్సింది వాళ్లే. తనిఖీకి వచ్చినవాళ్లు గ్లోబు ఉందా అని చూస్తారు గాని, పిల్లలు దాన్ని తిప్పారా అని అడగరు. మోటారు బిగించి, బిల్లు పాసు చేయించుకుని, నీళ్లు పడ్డాయో లేదో చూడకుండా వచ్చేసినట్టుంది.

మన పక్కనే, మదనపల్లె దగ్గర, రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం వాళ్లు వేరే దారి పట్టారు. ఒకే టీచరు పలు తరగతులకు చెప్పాల్సిన పల్లె బడుల కోసం పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. గోడకు నిచ్చెన లాంటి పట్టిక, ప్రతి మెట్టుకూ ఒక గుర్తు, అదే గుర్తు కార్డు మీదా ఉంటుంది. తానెక్కడున్నాడో పిల్లవాడే చూసుకుని కార్డు తెచ్చుకుంటాడు. కొన్ని టీచరు దగ్గర కూర్చుని, కొన్ని తోటివాళ్లతో, కొన్ని ఒంటరిగా చేస్తాడు. 2003 ప్రాంతంలో చెన్నై కార్పొరేషన్ బడులు ఈ పద్ధతిని అందుకున్నాయి.

మన కరువు సీమకు ఇందులో ఇంకో మేలుంది. శెనక్కాయ పంట పోయి అమ్మానాన్నలు బెంగళూరుకు పనికి పోతే పిల్లవాడూ పోతాడు. మూడు నెలలకు తిరిగొచ్చేసరికి పాఠ్యపుస్తకం ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది, వాడు వెనక వరుసలోకి జారుకుంటాడు. నిచ్చెన ఉంటే వదిలిన మెట్టు దగ్గరే మళ్లీ ఎక్కుతాడు. అయితే కార్డులు పంచగానే పని అయిపోదు. టీచరుకు అలవాటు కావాలి, చిరిగినవి మార్చాలి. ఆ మార్చే ఖర్చుకు ఎవరూ డబ్బివ్వరు.

అందుకే నిధిని బ్యాంకులో వేసి, వడ్డీతో మూడు బడులతో మొదలుపెడదాం. లెక్కకు చింతపిక్కలు, శెనక్కాయలు ఊళ్లోనే దొరుకుతాయి (శెనక్కాయలు లెక్క అయ్యేదాకా మిగిలితే అదృష్టం). మనమిచ్చినది విరిగితే, పోతే ఎవరినీ లెక్క అడగబోమని సంఘం తరఫున రాసిద్దాం. జూన్‌లో ఒకసారి, మార్చిలో ఒకసారి మూడో తరగతి పిల్లల్లో ఎంతమంది ఒక పేరా చదవగలరో, అప్పు తెచ్చుకునే తీసివేత ఎంతమంది చేయగలరో చూద్దాం.

తోరణం మీద తమ పెద్దల పేరు చూసుకోవాలనుకున్నవారికి ఈ మాట రుచించదని తెలుసు. తీర్మానం ఈ సాయంత్రమే కార్యవర్గం ముందుకొస్తోంది. ప్రాథమిక బడుల టీచర్లు కొందరు ఈ సభలోనే వెనక కూర్చున్నారు. చేతులెత్తే ముందు వాళ్లను కూడా మాట్లాడనివ్వండి.