వేసవి సెలవుల్లో మన పిల్లలు

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షుల సమావేశంలో ఒక గ్రామ సంఘం పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పాల ధర గురించీ, దాణా సరఫరా గురించీ ఈ సమావేశంలో మాట్లాడవలసినది ఎంతో ఉంది. ఆ సంగతులు చెప్పేందుకు మాకంటే సమర్థులు ఇక్కడ ఉన్నారు. మాకు ఇచ్చిన కొద్ది సమయంలో మేము మరొక విషయం మనవి చేయదలచాము. ఏప్రిల్ నెలాఖరుకు బడులు మూస్తారు. మళ్లీ తెరిచేది జూన్ రెండో వారంలోనే. అంటే సుమారు ఏడు వారాలు. ఈ ఏడు వారాలూ మన పిల్లలు ఏం చేస్తున్నారు, వారి చేత మనం ఏం చేయిస్తున్నాం అన్నదే మా విషయం. ఇది ఎవరింటి సంగతి వారిది గదా, సంఘానికేం పని అని కొందరు అనుకోవచ్చు. రెండేళ్ల క్రిందటి దాకా మేమూ అలాగే అనుకునేవాళ్లం.

ఆ వేసవిలో మా ఊళ్లో ఒక సభ్యుని కుమారుడు, ఎనిమిదో తరగతి పరీక్షలు రాసిన పిల్లవాడు, మధ్యాహ్నం పూట గేదెలను తోలుకుని చెరువుకు వెళ్లాడు. గేదెలను కడగడం వాడికి కొత్త కాదు. అయితే అంతకు నెల ముందే మేమందరం పొలాలకు మట్టి తోలుకోవడానికి చెరువులో గోతులు తవ్వి ఉన్నాం. నడుమ ఒక పెద్ద వాన పడి ఆ గోతులు నిండాయి. పైకి చూస్తే ఎక్కడ చూసినా మోకాటి లోతు నీళ్లే. సాయంత్రం పాల వేళకు గేదెలు వాటంతటవి ఇంటికి వచ్చాయి. పిల్లవాడు రాలేదు.

ఆ పూట పాల కేంద్రానికి వచ్చినవారు ఎవరూ మాట్లాడలేదు. పాలు పోసి, స్లిప్పు తీసుకుని వెళ్లిపోయారు. మట్టి తోలుకున్నవారిలో ఈ పాలకవర్గం వాళ్లం కూడా ఉన్నాం. గోతుల చుట్టూ నాలుగు ముళ్లకంపలు వేయాలని మాలో ఒక్కరికీ తోచలేదు. ఆ మాట దాచుకోకుండా ఇక్కడ చెబుతున్నాం, ఎందుకంటే ఇటువంటి గోతులు మీ చెరువుల్లోనూ ఉంటాయి. మన దేశంలో నీట మునిగి చనిపోయినవారు 2021 ఒక్క సంవత్సరంలోనే 36 వేలకు పైగా ఉన్నట్లు ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. ఈ ప్రమాదాలు ఎక్కడో సముద్రంలోనే జరుగుతాయని అనుకోకండి. ఇంటికి దగ్గర్లోని బావిలో, కాలువలో, చెరువులో కూడా జరుగుతాయి.

ఆ తరువాతి సంవత్సరం మార్చి నెలలో మా సర్వసభ్య సమావేశంలో పిల్లల సెలవుల గురించి మొదటిసారి చర్చించాం. అప్పుడు తీసుకున్న నిర్ణయాలు, వాటిలో కుదిరినవీ కుదరనివీ మీ ముందుంచుతాం.

మొదటిది నీటి సంగతి. పిల్లలను నీటి దగ్గరకు పోవద్దని అంటే సరిపోదు. మే నెల ఎండలో పిల్లలు నీటి దగ్గరకు పోకుండా ఉండరు. మన చిన్నతనంలో ఎండిన సొరకాయ బుర్ర నడుముకు కట్టి, పైనుంచి తాడు పట్టుకుని, పెద్దవాళ్లు బావిలో ఈత నేర్పేవారు. బోర్లు వచ్చి బావులు పూడిపోయిన తరువాత ఆ నేర్పడం కూడా పోయింది. ఈతరాని పిల్లలు మాత్రం ఇంకా చెరువుకు పోతూనే ఉన్నారు. అందుచేత ఈత బాగా వచ్చిన ముగ్గురు సభ్యులను ఒప్పించాం. మెట్లున్న ఒక బావిని శుభ్రం చేయించి, ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా నేర్పే ఏర్పాటు చేశాం. గట్టు మీద ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి. ఆడపిల్లలకు ఈత ఎందుకని మొదట కొందరు అన్నారు. నీళ్లకు ఆడ మగ తేడా తెలియదని ఒక పెద్దావిడ జవాబు చెప్పింది. ఆడపిల్లలకు వేరే వేళ పెట్టాం, ఇద్దరు తల్లులు గట్టు మీద కూర్చున్నారు.

చెరువు గట్టున ఒక పొడవాటి మోకు, గాలి నింపిన లారీ ట్యూబు, ఒక వెదురు గడ ఉంచాం. ఎవరైనా మునుగుతుంటే వెంటనే నీళ్లలోకి దూకవద్దని పిల్లలకు చెప్పాం. ముందు కేక వేయాలి, తాడు విసరాలి, గడ అందించాలి. స్నేహితుణ్ణి కాపాడబోయి తానూ మునిగిన పిల్లల వార్తలు మనం ప్రతి వేసవిలో వింటూనే ఉన్నాం. ఒడ్డుకు తీసిన మనిషిని తలక్రిందులుగా వేలాడదీయడం, గిరగిర తిప్పడం, పొట్ట నొక్కడం మన పల్లెల్లో అలవాటు. అవి చేయరాదు. ఊపిరి లేకపోతే నోటితో ఊపిరి ఊదాలి, ఛాతీ నొక్కాలి, 108కి కబురు చేయాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సిబ్బందిని పిలిస్తే ఒక గంటలో చేసి చూపిస్తారు. ఇక మట్టి తవ్విన గోతులు. తవ్వినవారే వాటి అంచులు వాలుగా కొట్టి, కంప నాటాలి. అది మా సంఘం తీర్మానం.

రెండవది పని సంగతి. పాడి ఇళ్లలో సెలవులంటే పిల్లలకు పని పెరుగుతుంది. గడ్డి కోయడం, పేడ ఎత్తడం, నీళ్లు మోయడం. ఇంటి పనిలో పిల్లలు చేయి వేయడం తప్పు కాదు. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లలు సెలవుల్లో సొంత కుటుంబం పనిలో సాయపడవచ్చు, కానీ అది ప్రమాదం లేని పని కావాలి. చట్టం మాట అట్లా ఉంచి, మనం మన మనస్సునే అడుగుదాం. మనం చేయిస్తున్నది సాయమా, చాకిరా? పదకొండు నుంచి నాలుగు దాకా పిల్లలు ఎండలో ఉండరాదని మేము అనుకున్నాం. గడ్డి కోసే యంత్రం దగ్గరకు చిన్నపిల్లలు రాకూడదు. పాల పరీక్షకు ఆమ్లం వాడే చోట వారి చేయి పడకూడదు.

మరొక సంగతి. ఆలస్యమైందని పదిహేనేళ్ల పిల్లవాడికి పాల క్యాను తగిలించిన మోటారు సైకిలు ఇచ్చి కేంద్రానికి పంపుతున్నాం. 2019 మోటారు వాహన సవరణ చట్టం ప్రకారం పిల్లవాడు నేరం చేస్తే తండ్రికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. జైలు కంటే ముందు రోడ్డును తలచుకుని భయపడాలి. మా కేంద్రంలో ఇప్పుడు అలా వచ్చిన పాలు తీసుకుంటాం గాని, బండి తాళం మాత్రం తండ్రి వచ్చేదాకా మా గుమాస్తా దగ్గరే ఉంటుంది. దీని మీద కోపం వచ్చినవారూ ఉన్నారు.

మూడవది, మాకు అన్నిటికంటె మేలు చేసినది. ఒప్పుకున్న ప్రతి ఇంట్లో పిల్లవాడికో పిల్లకో ఒక దూడను అప్పగించమన్నాం. పని చెప్పడం వేరు, అప్పగించడం వేరు. పని చెబితే పిల్లవాడు తప్పించుకుంటాడు. ఇది నీది అని అప్పగిస్తే రాత్రి లేచి చూసుకుంటాడు. పుట్టిన గంట రెండు గంటల్లోపు ముర్రుపాలు త్రాగించడం, రోజుకు దూడ బరువులో పదోవంతు పాలు అందేలా చూడడం, పది పదిహేను రోజులకు పశువైద్యుణ్ణి అడిగి నట్టల మందు పోయించడం, పాక పొడిగా ఉంచడం, ఇవన్నీ నోటుపుస్తకంలో వ్రాయాలి. మన గేదె దూడలు ఎన్ని మొదటి మూడు నెలల్లోనే చనిపోతున్నాయో మీకు మేము చెప్పనక్కరలేదు. పాలన్నీ పిండుకుని, దూడను దాని ఖర్మకు వదిలేసే ఇళ్లు మన ఊళ్లలో లేవా?

బరువు తూచే కాటా లేకపోయినా లెక్క కట్టవచ్చు. ముంగాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో కొలవాలి. దానిని దానితోనే గుణించాలి. వచ్చినదానిని భుజం మొన నుంచి పిర్ర ఎముక దాకా ఉన్న పొడవుతో గుణించి, 660తో భాగిస్తే సుమారు బరువు కిలోల్లో వస్తుంది. సెలవుల మొదట ఒక దూడ చుట్టుకొలత 30, పొడవు 26 అంగుళాలు అనుకుందాం. 35 కిలోల పైచిలుకు. ఏడు వారాలకు చుట్టుకొలత 35, పొడవు 30 అయింది. అంటే దాదాపు 56 కిలోలు. రోజుకు నాలుగు వందల గ్రాములు పెరిగినట్లు. ఈ లెక్క పిల్లవాడు తానే వేసుకుంటాడు. బడిలో లెక్కలంటే పారిపోయేవాడు టేపు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అందరి దూడలనూ కొలవడం మేము కళ్లారా చూశాం.

నాలుగవది సంఘం లెక్కలు. పదో తరగతి వ్రాసిన పిల్లలను, పదిమందిని, వారం రోజుల పాటు ఉదయం పూట కేంద్రానికి రమ్మన్నాం. వెన్న శాతం అంటే ఏమిటి, ఎస్.ఎన్.ఎఫ్. అంటే ఏమిటి, యంత్రం ఎలా చూపిస్తుంది, లాక్టోమీటరు ఎందుకు, స్లిప్పు ఎలా చదవాలి, ఇవి నేర్పాం. వారిలో ఒక అమ్మాయి ఇంటికి వెళ్లి పాత స్లిప్పులన్నీ పాస్‌బుక్కుతో సరిచూసింది. ఒక పూట నాలుగున్నర కిలోల పాలకు స్లిప్పులో వెన్న 6.8 ఉంటే, పుస్తకంలో 6.3 ఎక్కింది. అంటే 306 గ్రాముల వెన్నకు బదులు 283 గ్రాములకే డబ్బు కట్టాం. పెద్ద మొత్తం కాదు. అయినా మరుసటి రోజు పుస్తకం పట్టుకుని పాలకవర్గం ముందుకు వచ్చి, ఇది ఎందుకిలా ఉందని అడిగింది. తప్పు మా గుమాస్తాది, సరిచూడని మాది. దిద్దాం. మిగతా పుస్తకాలు కూడా సరిచూశాం, మరి రెండు పొరపాట్లు దొరికాయి. ఆ పిల్ల తండ్రి ఇరవై ఏళ్లుగా పాలు పోస్తున్నాడు, ఒక్కనాడూ పుస్తకం విప్పి చూడలేదు. సంఘం మనది అని మనం ఉపన్యాసాల్లో అంటాం. ఆ అమ్మాయి చేసి చూపింది.

ఐదవది ఆట, వినోదం. పొద్దున్నే కబడ్డీ, ఖోఖో. మధ్యాహ్నం కేంద్రం హాలులో పుస్తకాలు, క్యారంబోర్డు. సెల్‌ఫోను మానమని మేము ఎవరికీ చెప్పలేదు. చెప్పినా వినరని మాకు తెలుసు. చేతికి మరొకటి ఇస్తే ఫోను కొంతసేపు దానంతటదే జేబులోకి పోయింది. ఒక రాత్రి శ్యామ్ బెనెగల్ 1976లో తీసిన ‘మంథన్’ చిత్రం తెర కట్టి చూపించాం. గుజరాతులో ఐదు లక్షల మంది పాల రైతులు తలకు రెండు రూపాయలు వేసుకుని తీయించిన చిత్రమది. 2024లో ఫ్రాన్సు దేశంలోని కాన్ చిత్రోత్సవంలో దానిని బాగుచేసి మళ్లీ ప్రదర్శించారు. హిందీ రానివారికి మా ఉపాధ్యాయుడు ఒకరు నడుమ నడుమ చెబుతూ వచ్చారు. 1946లో ఖేడా జిల్లా రైతులు ఎందుకు సంఘం పెట్టుకున్నారో మన పిల్లలకు ఆ రాత్రి తెలిసింది. నిజం చెప్పాలంటే మాలో కొందరికి కూడా అప్పుడే తెలిసింది.

ఇప్పుడు కుదరనివి. సాయంత్రం చదువు తరగతులు పెట్టాం, పదిరోజులకే ఆగిపోయాయి. సెలవుల్లో మళ్లీ బడి పెడితే పిల్లలు రారు, వారిని తప్పుపట్టలేం. దూడలు తీసుకున్న ఇళ్లలో నాలుగింట తల్లులే సాకారు, పిల్లలు పుస్తకం మాత్రం వ్రాశారు. ఒక దూడ చనిపోయింది. దానిని పెంచిన కుర్రవాడు రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు వచ్చి, పై సంవత్సరం తనకు మళ్లీ ఇమ్మన్నాడు.

ఖర్చు ఎంత అని అడుగుతారు. మోకు, ట్యూబు, టేపులు, నోటుపుస్తకాలు, తెర అద్దె. ఏ సంఘానికీ భారం కాదు. కావలసినది డబ్బు కంటే రోజుకు రెండు గంటలు గట్టు మీద కూర్చునే పెద్దలు. అది మన వల్ల కాకపోతే మరెవరి వల్ల అవుతుంది?

కాబట్టి సోదర సంఘాలకు మా విజ్ఞప్తి ఇది. ఏప్రిల్ నెల సమావేశం కార్యక్రమంలో ధర, దాణా, బోనసుతో బాటు ‘పిల్లల సెలవులు’ అని ఒక అంశం చేర్చండి. అన్నీ ఒకేసారి చేయలేకపోతే నీటి సంగతి ఒక్కటి చేయండి. బడులు మూసేలోగా మీ చెరువు చుట్టూ ఒకసారి నడిచి చూడండి, గోతులెక్కడ ఉన్నాయో గుర్తు పెట్టండి.

మా ఊళ్లో ఆ పిల్లవాడి తండ్రి ఇప్పటికీ రెండు పూటలా పాలు పోస్తున్నాడు. మే నెలలో ఈత నేర్పే ముగ్గురిలో ఆయన ఒకరు. మేము అడగలేదు. ఆయనే వచ్చి పేరు వ్రాయించుకున్నాడు.