ప్రజాధనమునకు పరీక్షకు డెవరు?
(విశాఖపట్టణము, వన్ టౌన్ పఠనాలయములో గావించిన యుపన్యాసము)



ఈ సాయంకాలము మేము మీ యెదుట ప్రసంగింపదలచిన విషయము పైకి మిక్కిలి నీరసముగ దోచును. ప్రభుత్వము ప్రజల పేర ప్రజల ధనమునే వ్యయము చేయుచున్నది. ఆ వ్యయమువలన ప్రజలకు గలిగిన మేలెంత? ఆ లెక్క తీయవలసినవా డెవడు? ఇదియే ప్రశ్న. ఇందు వీరరసము లేదు. కాని కరుణరస మున్నది. ఏలయన, లెక్క తప్పినచోట మొదట నష్టపోవునది ఖజానా గాదు. ఎండలో మట్టి మోసి, వారములకొలది కూలికై యెదురుచూచు నిరుపేద నష్టపోవును.

మన యూరివారికి ఈ విషయము బోధపడుటకు దూరదేశముల దృష్టాంతము లక్కఱలేదు. 1933 లో తెఱువబడిన మన రేవులో, ఇనుపరాయి నింపుకొను నోడ ప్రక్కన నొకదినము నిలిచి చూడుడు. ఎన్ని టన్ను లెక్కినవో అమ్మినవాడు చెప్పిన గొన్నవాడు నమ్మడు; కొన్నవాడు చెప్పిన నమ్మినవా డొప్పడు. కావున నిరువురకును జెందని సర్వేయరు వచ్చును. సరకెక్కుటకు ముందొకసారియు, ఎక్కిన పిమ్మట నొకసారియు, ఓడకు ముందు, నడుమ, వెనుక, రెండుప్రక్కల నున్న నీటిమట్టపు గుర్తులను చదువును. నీటి సాంద్రతను గొలుచును. ఓడలోని మంచినీటిని, చమురును మినహాయించి లెక్కగట్టును. ఆయన వ్రాసియిచ్చిన కాగితము నిరువురును జూతురు. దానిపైననే సొమ్ము చేతులు మాఱును.

ఈ సామాన్యకార్యమున నాలుగు ధర్మములు గలవు. కొలుచువా డే పక్షమునకును జెందడు. కొలత పనికి ముందే ప్రారంభమగును. ఫలిత మందఱకును దెలియును. కొలతను బట్టి చెల్లింపు జరుగును. ఱాతికి మనము చేయుచున్న యీ మర్యాద మనుష్యుల కేల చేయరాదు? ప్రభుత్వము తన పథకములను దానే నడిపి, తానే కొలిచి, తానే మెచ్చుకొనుచున్నంతకాలము ఆ మెప్పునకు విలువ యేమి?

కంప్ట్రోలరు అండ్ ఆడిటరు జనరలు లేడా యని మీరడుగవచ్చును. ఉన్నాడు. రాజ్యాంగము 148 వ యధికరణమున నాయనకు స్వాతంత్ర్య మొసగినది; 151 వ యధికరణము ననుసరించి రాష్ట్రపు లెక్కలపై నాయన నివేదిక గవర్నరు ద్వారా శాసనసభ యెదుటికి వచ్చును. ఆయన శాఖవారు పథకముల పనితీరునుగూడ బరిశీలింతురు. కాని ఆ నివేదిక సామాన్యముగ పని ముగిసిన కొన్నియేండ్లకు వచ్చును. అందు ముఖ్యముగ జర్చింపబడునది నిబంధనల ప్రకారము వ్యయ మయ్యెనా యనునది. నిబంధనలన్నియు బాటించియు నిష్ఫలమైన పథక ముండవచ్చును. బడికి గది కట్టబడెను, రసీదులు సరిపోయెను, పిల్లవానికి మాత్రము చదువు రాలేదు. ఈ తుదివిషయమును దెలిసికొనుటయే ఫలపరిశీలనము. దీనినే నేడు మూల్యాంకన మనుచున్నారు.

ఈ భావము మన దేశమునకు గొత్తది గాదు. 1952 అక్టోబరులో సమాజవికాస పథకములు ప్రారంభమైనప్పుడే, వానిని బరిశీలించుటకు కేంద్రప్రభుత్వము ప్రోగ్రాం ఎవాల్యుయేషన్ ఆర్గనైజేషన్ అను సంస్థను నెలకొల్పినది. 1957 లో బల్వంతరాయ్ మెహతా సంఘము ఆ పథకములను విమర్శించి, ప్రజ లెన్నుకొన్న స్థానికసంస్థలకు అధికార మీయనిదే గ్రామము మేల్కొనదని తేల్చినది. 1959 లో రాజస్థానమును, దాని వెంటనే మన యాంధ్రప్రదేశమును పంచాయతీరాజ్యమును స్థాపించినవి. నిజము చెప్పనిచ్చిన పరిశీలనము రాజ్యతంత్రమునే మార్పగలదనుట కిది నిదర్శనము.

కాని నిజము చెప్పువానికి పీఠము స్థిరముగ నుండుట యరుదు. 2014 ఫిబ్రవరిలో ఢిల్లీలో స్వతంత్ర మూల్యాంకన కార్యాలయ మొకటి పని ప్రారంభించి, ఆ సంవత్సరముననే మూతబడినది. 2015 లో దానిని, పాత సంస్థను గలిపి, నీతి ఆయోగు క్రింద నొక కార్యాలయముగ జేసిరి. మెక్సికో దేశము 2004 నాటి శాసనముచే కోనెవాల్ అను మండలిని స్థాపించెను. అది దారిద్ర్యమును గొలిచి, ప్రభుత్వ పథకములను బరీక్షించి, లోకమున బేరుగాంచినది. 2025 లో నా మండలిని రద్దుచేసి, పనిని గణాంకసంస్థ కప్పగించిరి. ప్రభుత్వపు టుత్తరువుతో బుట్టినది ఉత్తరువుతో బోవును. శాసనముతో బుట్టినదియు, ప్రజలు కాపాడుకొననిచో, శాసనముతోనే పోవును.

ఇక మన సంగతికి వత్తము. ఈ విషయమున నాంధ్రులు తల వంచుకొనవలసిన పని లేదు. ఉపాధి హామీ శాసనము 2005 లో నామోదింపబడి, 2006 ఫిబ్రవరి 2 వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో నమలునకు వచ్చినది. ఆ శాసనపు 17 వ విభాగము పనులను గ్రామసభ తనిఖీ చేయవలెనని విధించినది. తక్కిన రాష్ట్రములలో బెక్కింట నిది కాగితముపై నిలిచియుండగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశము 2006 లోనే సామాజిక తనిఖీల నారంభించి, 2009 లో ప్రత్యేక సంఘమును నెలకొల్పినది. పథకపు వ్యయములో నర శాతము దానికి గేటాయించిరి. 2012 లో నీ తనిఖీలకు రాష్ట్రశాసనసభ యొక చట్టమునే చేసినది.

ఈ తనిఖీ నడచు విధము వినుడు. కూలికుటుంబములకు జెందిన యువకులను, యువతులను ఎన్నుకొని శిక్షణ మిత్తురు. వారు తమ గ్రామము గాక వేఱు గ్రామమునకు బోదురు. మస్టరు రోళ్లను, కొలతపుస్తకములను దీసికొని యింటింటికి దిరుగుదురు. "అమ్మా, నీవు పండ్రెండు దినములు పనిచేసినట్లు ఇందున్నది; నిజమా? సొమ్ము ముట్టినదా?" అని యడుగుదురు. చెఱువుకట్టపై నిలిచి టేపు పట్టి కొలుతురు. పిమ్మట గ్రామసభ, ఆపైని మండలస్థానమున బహిరంగ విచారణ. అక్కడ నధికారి యొక ప్రక్కను, కూలివా డొక ప్రక్కను నిలిచి యొకే సభలో సమాధానము చెప్పుకొందురు. చచ్చినవాని పేర హాజరు వేసిన సంగతి వాని తమ్ముడే లేచి చెప్పినప్పుడు, ఆ సాక్ష్యము నే దస్త్రము ద్రోసివేయగలదు? ఇట్టి బహిరంగ విచారణల మార్గమును 1990 ల దశాబ్దిలో రాజస్థానపు మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ చూపినది; దానిని రాష్ట్రమంతట ప్రభుత్వపద్ధతిగ జేసినఖ్యాతి తెలుగువారిది.

అయినను మిత్రులారా, మనలను మనము మోసగించుకొనరాదు. ఎనిమిది జిల్లాలలో 300 పంచాయతీల తనిఖీపత్రములను బరిశోధించి ఫర్జానా అఫ్రీదీ, వెగార్డ్ ఐవర్సన్ అను పండితులు 2014 లో నొక వ్యాసము ప్రచురించిరి. తనిఖీలు తప్పులను బయటపెట్టుచున్నవి గాని, తప్పుచేయువానిని జంకించుట స్వల్పమని వారు కనుగొనిరి. సులభముగ బట్టుబడు తప్పులకు బదులు, సామగ్రి లెక్కలలో దాగు తప్పులు హెచ్చినవట! ఏల? రుజువైన తప్పునకు శిక్ష యరుదుగా బడినందున. ఓడరేవు నాలుగవ ధర్మము ఇచ్చట లోపించినది. కొలత జరిగినది, కొలతను బట్టి చెల్లింపు జరుగలేదు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ పాత శాసనమునకు బదులుగ వేఱొకదాని నామోదించినది. శాసనము మాఱిన మాఱుగాక. ఈ ప్రశ్న మాత్రము మాఱలేదు.

మఱియొక యుదాహరణము మన పొరుగుననే జరిగినది. 2010 ప్రాంతమున ప్రభుత్వము ఉపాధికూలిని, పింఛనులను వ్రేలిముద్రల స్మార్టుకార్డుల ద్వారా చెల్లింపదలచెను. కార్తిక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తంకర్ అను పరిశోధకులు ప్రభుత్వముతో గలిసి యొక యేర్పాటు చేసిరి. విజయనగరముతో జేరి యెనిమిది జిల్లాలలో 157 మండలములను గైకొని, ఏ మండలమునకు ముందు, ఏ మండలమునకు వెనుక అనుదానిని లాటరీచే నిర్ణయించిరి. మంత్రి సిఫారసునకుగాని, అధికారి యిష్టమునకుగాని తా వుండలేదు. ఇదియే పనికి ముందే కొలత నారంభించుట. రెండేండ్లకు రెండువర్గముల మండలములను బోల్చి చూడగా, కార్డులు వచ్చినచోట సొమ్ము తీసికొను కాలము 22 నిమిషములు తగ్గినది. కూలి ముట్టుటలో నాలస్యము తగ్గినది. నడుమ హరించిపోవు సొమ్ము సుమారు 41 శాతము తగ్గినది. చెల్లింపులలో సగమునకు మాత్రమే కార్డులు చేరియుండగనే యింత ఫలము!

ఇందులో మాకు ముఖ్యముగ దోచినది వేఱొకటి. ఆ కాలమున ప్రభుత్వము ఈ పద్ధతిని మానివేయుటకుగూడ యోచించెను. పైకి చేరు వార్తలలో ఫిర్యాదులే హెచ్చు. ఫిర్యాదుచేసినవా రెవరు? నడుమ సొమ్ము దక్కక నష్టపోయినవారికి రాజధానివఱకు నోరున్నది. లాభపడిన కూలివానికి లేదు. పరిశోధకు లింటింటికి బోయి యడుగగా, అత్యధిక సంఖ్యాకులు క్రొత్తపద్ధతినే మెచ్చిరి. ఆ సాక్ష్యము పథకము నిలుచుటకు దోడ్పడినది. చూచితిరా! స్వతంత్ర పరిశీలన మనగా ప్రభుత్వమును నిందించు యంత్రము గాదు. నోరులేనివాని మాటను నోరున్నవాని మాటతో సమానముగ దూచు త్రాసు. అది చెడ్డపథకమును బట్టియిచ్చును, మంచిపథకమును గాపాడును.

పాలకులకు భయ మెందుకు? నివేదిక వ్యతిరేకముగ వచ్చిన ప్రతిపక్షము చేతికి కఱ్ఱ దొరకునని. ఆ భయము పూర్తిగ నిరాధారము గాదు. కాని రోగి తాపమానిని జూచి భయపడినంతమాత్రమున జ్వరము తగ్గదు గదా! పొరుగున కర్ణాటకము 2000 లో మూల్యాంకన విధానమును బ్రకటించి, 2011 లో నందుకై ప్రత్యేక ప్రాధికారమును స్థాపించినది. అందుచే నా రాష్ట్రము పడిపోలేదు. మన విశ్వవిద్యాలయముననే వ్యవసాయార్థిక పరిశోధన కేంద్ర మున్నది. పనిచేయగలవారు మనకు లేకపోలేదు.

కావున మేము కోరున దిది. పరీక్షకుని నియమించు నధికారము పథకమును నడుపు శాఖచేతిలో నుండరాదు. పరీక్షకు వలయు ధనము బడ్జెటులో ముందే వేఱుపఱుపబడవలెను; నివేదిక మెచ్చనిచో దానిని గోయు వీలుండరాదు. ఏమి కొలువవలెనో పథకము ప్రారంభముననే ప్రకటింపవలెను. పరుగు ముగిసిన పిమ్మట గీత గీయుట న్యాయము గాదు. నివేదిక తెలుగున, నిర్ణీతకాలములో శాసనసభయెదుటను, ప్రజలయెదుటను బెట్టవలెను. ప్రతి లోపమునకును శాఖవారు గడువులోపల వ్రాతమూలముగ సమాధాన మీయవలెను. సొమ్ము తినినవానినుండి రాబట్టిన మొత్త మెంతయో యేటేట చెప్పవలెను.

ఇవి ప్రభుత్వము చేయవలసినవి. మనము చేయవలసినవిగూడ గలవు. ఈ పఠనాలయమునకు వచ్చువారు ఎన్నికల వార్తలను రెండుమార్లు చదువుదురు; ఆడిటు నివేదిక నెవరును దెఱువరు. 2005 నాటి సమాచార హక్కు శాసనము మన చేతిలో నున్నది. మన వీథిలోని మురుగుకాలువ, మన పిల్లల బడి, మన రేషను దుకాణము: వీనిలో నొక్కదానిని గైకొని, మంజూరైన దెంత, చేసిన దెంత, కలిగిన మేలెంత యని యడిగి వ్రాసి, ఈ గోడపై నంటించుడు. కూలికుటుంబపు యువతి టేపుపట్టి చెఱువుగట్టు కొలిచెను. పత్రికలు చదువు పట్టణవాసులమగు మనము ఆపాటి చేయలేమా?

స్వరాజ్యమనగా మనవారు వ్యయము చేయుట మాత్రమే గాదు. మనవారిని మనము లెక్క యడుగగలుగుటయు. అడుగునట్టి ప్రజ లున్నచో పరీక్షకుని పీఠము నే యుత్తరువును గదలింపజాలదు.